లంగా మీద తెగిన పోగు

చాప ఇంకొంచెం ఇటు జరుపుకొని కూర్చోండి. గడప దగ్గర కూర్చుంటే నా మాట సగం వీధి పాలవుతుంది. చంటిపిల్లలుంటే ఒళ్లోకి తీసుకోండి. ఈ సంగతి పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని వింటేనే బాగుంటుంది.

గోడ మీద ఆ ఫొటో చూశారు కదా. లంగా కట్టుకొని, రెండు పిలకలకు పూలు చుట్టుకొని, నోరంతా తెరిచి నవ్వుతున్న పసిబిడ్డ. మా ఇంటికి వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారు. "ఎంత మంచిగ నవ్వుతుందో!" అంటారు. ఆ నవ్వు ఎట్లా వచ్చిందో తెలియక అంటారు.

మాది సిరిసిల్లలో నేత ఇల్లు. నేను కాపురానికి వచ్చేనాటికి ముందరి గదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకదాని మీద మా మామ, ఒకదాని మీద మా ఆయన. అత్తా నేనూ రాట్నాల దగ్గర నూలు కండెలు చుట్టేవాళ్లం. నైజాం ఏలుబడి పోయిన కొన్నాళ్లకు నాకు ఆడపిల్ల పుట్టింది.

నడక వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల మగ్గం దగ్గరే. గుంట మగ్గంలో నేసేవాడు కాళ్లు గుంటలో పెట్టి కూర్చుంటాడు. కాబట్టి పక్కన నిలబడ్డ పిల్ల తలా, కూర్చున్న తండ్రి తలా సమానంగా వచ్చేవి. నేసిన గుడ్డ చుట్టుకునే దోనె కర్ర మీద గదవ, అదే గడ్డం, ఆనించి, ఎదురుగా తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడేది. పోగు మోసే నాడె అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు కళ్లు తిప్పేది. గదవ మీద ఎర్రగా గీత పడేదాకా కదిలేది కాదు.

ఒకనాడు వేలు పెట్టి పడుగులో పోగు ఒకటి గుంజింది. అది తెగింది. ఆయన పిల్ల ముఖం చూస్తూ నేస్తున్నాడేమో, గమనించలేదు. జానెడు మేర గుడ్డలో సన్నటి గీత పడిపోయింది. సంగతి చూసి అత్త లొల్లి పెట్టింది.

"బిడ్డ ముఖం చూసుకుంట నేస్తే గుడ్డ గిట్లనే అయితది. గిప్పుడు సేటు తీసుకుంటడా గీ ముక్కను?"

"తీసుకోకుంటే మంచిదే. నా బిడ్డకు లంగా అయితది" అన్నాడాయన.

అట్లాగే అయింది. ఎర్ర అంచు లంగా. ముందువైపు నడుము నుంచి కిందికి ఆ తెగిన పోగు గీత. అది కట్టుకొని వాడంతా తిరిగి అందరికీ చూపించి వచ్చింది.

ఆ రోజుల్లోనే మా వాడలో ఒక పెళ్లికి కరీంనగర్ నుంచి ఫొటో తీసే ఆయన వచ్చాడు. పెళ్లివారి ఫొటోలు అయ్యాక పిల్లలవీ తీస్తానన్నాడు. పిల్లకు తల దువ్వి, కాటుక పెట్టి, ఎత్తుకొని వాకిలి దాటబోతుంటే అత్త అడ్డం నిలబడింది.

"యాడికి?"

"ఒక్క ఫొటో అత్తా."

"పుట్టెంట్రుకలు రాజన్నకు ఇయ్యకముందు ఫొటో ఏంది పిల్లా? గా డబ్బ ఆయుష్షు గుంజుకుంటది. ముందుగాల వేములవాడ పోయి మొక్కు చెల్లిద్దాం. తర్వాత ఎన్ని దిగుతవో దిగు."

అత్త మాట తప్పని నేననుకోలేదు. ఆ కాలంలో అందరూ అట్లాగే అనేవారు. సరే, వేములవాడ పోయొచ్చాకే అనుకున్నాను. అంతలో మామ కాలం చేశాడు. ఏడాది సూతకం, గుడి మెట్లు ఎక్కకూడదు. ఆ ఏడాది ఇంకా తీరకముందే, ఎండాకాలంలో పిల్లకు అమ్మతల్లి పోసింది. వేపమండలు కట్టాం, పక్క మార్చాం, మొక్కుకున్నాం. రాజన్నకు ఇవ్వాల్సిన పుట్టువెంట్రుకలు తల మీద ఉండగానే పిల్ల పోయింది.

వాడంతా ఏడ్చింది. మా ఆయన ఏడవలేదు. పిల్లను సాగనంపి వచ్చి, స్నానం చేసి, గుంటలో దిగి నేశాడు. రాట్నం దగ్గర కూలబడి నేను ఆ చప్పుడు విన్నాను. వచ్చినవాళ్లు గుసగుసలాడారు. నాకూ అనిపించింది, ఈ మనిషి రాయి అని.

మొదట్లో కళ్లు మూసుకుంటే చాలు, పిల్ల ఎదురుగా వచ్చేది. తరువాత ముక్కలుగా రాసాగింది. ఒకప్పుడు చేతులు, ఒకప్పుడు పాదాలు. ముఖం మాత్రం నీళ్లలో చూసినట్టు కదిలిపోయేది. ఒక్క ఫొటో ఉంటే ఎంత బాగుండేదో అని లోలోపల కుమిలేదాన్ని. అత్తకు చెప్పలేదు. ఆమే ఒకనాడు కండె చుడుతూ చుడుతూ ఆగి, "నేనే అడ్డమొచ్చిన" అంది. మళ్లీ రాట్నం తిప్పింది.

ఆ తరువాత కొడుకు పుట్టాడు. వెంట్రుకలు మెడ మీదికి దిగాయి. వేములవాడ ప్రయాణం అనుకున్నప్పుడు ఈసారి అత్తే ముందుగా నోరు తెరిచింది.

"మంగలి కత్తి పెట్టకముందే పోరన్ని ఫొటో దించుదాం. పిలకలు ఏసి, పూలు పెట్టి."

మా వైపు మగపిల్లలకు కూడా పుట్టువెంట్రుకలు తీసే ముందు ఆడపిల్ల వేషం వేస్తారు. మళ్లీ ఆ జుట్టు రాదు కదా అని ముచ్చట. అందరి ఇళ్లలో ఉండేదే. కానీ బయలుదేరే పొద్దున అత్త చెక్కపెట్టె తెరిచి, వేపాకుల మధ్య మడిచి పెట్టిన ఎర్ర అంచు లంగా తీసింది. బండికి ఎద్దులు కడుతున్న మా ఆయన చూశాడు.

"గది ఎందుకు తీసినవ్ అవ్వా?"

"ఒక్కపాలి తొడుగుత బిడ్డా. మల్ల మడిచి పెడ్త."

ఆయన ఎద్దుల పలుపు సర్దుకుంటూ ఉండిపోయాడు. వద్దనలేదు.

వేములవాడలో గుడి వీధిలో ఒక ఫొటో దుకాణం. కప్పులో ఒకచోట అద్దం పెట్టి వెలుగు దింపారు. వెనకాల పరదా మీద మేడ, మెట్లు, రెండు నెమళ్లు. నడుమ మూడుకాళ్ల మీద పెద్ద పెట్టె కెమెరా, దానికి వెనకవైపు నల్లబట్ట. దుకాణం ఆయన ఇచ్చోడ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. మాటకు మాటకు నడుమ మరాఠీ దొర్లేది.

కొడుకును కుర్చీలో కూర్చోబెట్టగానే గుక్క పట్టాడు. దుకాణం ఆయన పిల్లిలాగా అరిచాడు, మేకలాగా అరిచాడు, తాళాల గుత్తి ఊపాడు. ఏడుపు పెరిగింది.

"నీకు పిల్లలున్నరా లేరా అయ్యా? గా మేక అరుపుకు నేనే బెదిరిన" అంది అత్త.

"ఇంటి నిండ ఉన్నరు అవ్వా. గందుకే పొద్దంత దుకాణంల కూసుంట" అన్నాడతను. అందరం నవ్వాం, పిల్లాడు తప్ప. "పాపకు మస్తు గొంతున్నది. గుడి దాక ఇనపడ్తది."

"మా మనుమరాలు గంతే. దానికి వాళ్ల తాత గొంతు" అంది అత్త.

నేను చప్పున ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చూడలేదు. పిలకకు జారిన పూలు సర్దుతోంది, కళ్లు లంగా మీదే ఉన్నాయి. కాదు, మనుమడు అని దిద్దవచ్చు. నేనూ దిద్దలేదు. కాటుక, బొట్టు, ఎర్ర అంచు. ఆ క్షణం నాకూ అట్లాగే కనిపించింది మరి.

మా ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. దుకాణం ఆయన పిలిచాడు.

"అన్నా, నువ్వు రా. పాప నీ దిక్కే చూస్తుంది. జర గీ బట్ట కిందికెళ్లి చూడు, తమాష ఉంటది. మనుషులు తలకిందులుగ కనపడ్తరు."

ఆయన వద్దన్నాడు. అత్త గద్దించింది. "పోరా, గంతగనం పిలుస్తుండు." చివరికి వంగి నల్లబట్టలోకి తల పెట్టాడు.

పెట్టినవాడు మళ్లీ తల తీయలేదు.

తండ్రి కనబడకుండా పోయేసరికి పిల్లాడు ఏడుపు ఆపాడు. కళ్లార్పకుండా ఆ నల్లబట్టనే చూశాడు. బట్ట కొంచెం కదిలింది. ఆగి, మళ్లీ కదిలింది. దాగుడుమూతలు అనుకున్నాడేమో, పెదవి విచ్చుకుంది.

"అగో చూడు, నా కొడుకు పోరన్ని ఎట్ల ఆడిస్తుండో!" అంది అత్త.

దుకాణం ఆయన చేతులు చకచక నడిచాయి. ప్లేటు పెట్టాడు. "ఇగ ప్లేటు పెట్టిన అన్నా, లోపల చీకటే, ఏం కనపడది. బయటికి రా" అన్నాడు. మా ఆయన రాలేదు. బట్ట ఊగుతూనే ఉంది. పిల్లాడు కాళ్లు ఆడిస్తూ ఒక్కసారిగా విరగబడి నవ్వాడు. "థాంబ్, థాంబ్, ఆగున్రి, కదలకున్రి" అంటూ దుకాణం ఆయన చేతిలోని రబ్బరు గుబ్బ నొక్కేశాడు.

చాలాసేపటికి మా ఆయన బయటికి వచ్చాడు. కండువాతో ముఖమంతా తుడుచుకున్నాడు. "లోపల ఉక్క" అన్నాడు. నమ్మాను. దుకాణం ఆయన మాత్రం అప్పటిదాకా ఆడిన హాస్యాలన్నీ మాని, కుండలోంచి నీళ్లు ముంచి ఆయనకు ఇచ్చాడు.

అక్కడి నుంచి మంగలి దగ్గరికి వెళ్లాం. కత్తి ఆడుతుంటే పూలతో సహా పిలకలు నా కొంగులో పడ్డాయి. లంగా విప్పి అంగీ తొడిగాం. గుండుతో మగపిల్లాడు మిగిలాడు. నా బిడ్డ రెండోసారి పోయినట్టయింది. మొక్కు తీరిన చోట ఏడవకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఫొటో వచ్చాక అత్త ఈ గోడకే తగిలించింది. వచ్చినవాళ్లు అడిగితే "మా పెద్ద మనుమరాలు" అనేది. తెలిసినవాళ్లు ఊరుకునేవారు, తెలియనివాళ్లు నమ్మేవారు. నాకు ఆ మాట చల్లగా ఉండేది. పొద్దున్నే లేచి ఆ ముఖం చూసుకునేదాన్ని. నీళ్లలో కదిలిపోయిన ముఖం ఒకచోట నిలిచింది అనుకున్నాను.

మా ఆయన మాత్రం ఒక్కసారి కూడా అటు చూడలేదు. ఆ గోడ దాటుతుంటే ముఖం తిప్పుకునేవాడు.

"కన్నబిడ్డ ఫొటోను ఒక్కనాడన్న కండ్లెత్తి చూడవేందయ్యా?" అని అడిగాను ఒకసారి.

"పనున్నది" అన్నాడు.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేర బియ్యం ఇచ్చే అమావాస్య. అత్త మామ పేర అన్నీ సర్దాక బంతిపూల దండ ఒకటి గుచ్చి ఆ ఫొటోకు వేసింది. వేసి దండం పెట్టుకుంటోంది. అంతే, మా ఆయన గుంటలోంచి ఒక్క ఉదుటున లేచాడు. ముఖం పక్కకు తిప్పుకొనే, చేత్తో తడుముకుంటూ దండ పట్టి గుంజాడు.

"బతికున్నోనికి దండేస్తరా అవ్వా? గాడు వాకిట్ల ఆడుకుంటుండు, నీకు కనపడ్తలేదా?"

"గది గాడు కాదు. గది నా మనుమరాలు."

"అయితే నా కొడుకు ఫొటో ఏది? సూపియ్యి!"

ఆయన దండను వాకిట్లోకి విసిరేశాడు. మట్టిలో ఆడుతున్న పిల్లాడు దాన్ని తీసుకొని మెడలో వేసుకున్నాడు. "బాపమ్మా, నాకు మంచిగున్నదా?" అంటూ గంతులేస్తూ లోపలికి వచ్చాడు. అత్త కెవ్వుమని ఆ దండను తెంపి, పిల్లాడిని గుండెకు అదుముకుంది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఎవరూ దించలేదు. దాని తరువాత ఆమె ఫొటోకు పూలు పెట్టలేదు. మనుమరాలు అనడం మాత్రం మానలేదు. ఆ మాట అంటూనే కొంతకాలానికి కన్నుమూసింది.

కాలం మారింది. సాంచెలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు వచ్చాయి. మా మగ్గం గుంటలు రెండూ మట్టితో పూడ్చేశాం. మా ఆయన ఒక సేటు దగ్గర సాంచెలు నడపడానికి పోసాగాడు. కొడుకు బడికి పోతున్నాడు. ఒకనాడు పలక చంకలో పెట్టుకొని ఫొటో ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"అవ్వా, అక్కకు గూడ నా లెక్కనే చెవి కింద పుట్టుమచ్చ ఉండెనా?"

"ఏదిరా?"

"అగో, కనపడ్తలేదా?"

దగ్గరికి వెళ్లి చూశాను. ఉంది. వాడిదే కదా, ఉండకేం చేస్తుంది. లేకుండెరా, అక్కకు లేకుండె అని చెప్పబోయాను. ఉండెనో లేకుండెనో చూసుకుందామని కళ్లు మూశాను. ఈ ఫొటోలోని ముఖమే వచ్చింది, ఇదే నవ్వు, ఇదే మచ్చ. గట్టిగా మూశాను. మళ్లీ ఇదే. నా బిడ్డ ముఖం, ఆ కదిలిపోయే ముఖం కూడా, ఇక లేదు. దాని జాగాలో వీడు కూర్చున్నాడు. నిలిచింది అనుకున్నాను కానీ, ఉన్న కాస్తా దీని వల్లే చెరిగిపోయిందని అప్పుడు తెలిసింది.

సద్ది గిన్నె పట్టుకొని సాంచెల కార్ఖానాకు ఎట్లా నడిచానో నాకు తెలియదు. లోపల ఒకరి మాట ఒకరికి వినబడని మోత. ఆయన నన్ను చూసి సైగ చేశాడు, అక్కడ పెట్టు అని. అంతలో కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారే ఆగాయి. మిగతావాళ్లు బీడీలు తీసుకొని బయటికి నడిచారు.

"ఏందే, గట్లున్నవ్? పోరనికి పానం మంచిగున్నదా?"

"గాడు మంచిగనే ఉన్నడు. పెద్దపిల్ల ముఖం నాకు యాదికొస్తలేదయ్యా."

ఆయన గిన్నె మూత తీయబోతూ ఆగాడు.

"కండ్లు మూస్తే గా ఫొటోనే వస్తుంది. గది పోరని ముఖం. నా బిడ్డది యాడ పోయింది?"

ఊకో, పని చూసుకో అంటాడనుకున్నాను. ఆయన గిన్నె పక్కన పెట్టాడు.

"గందుకే నేను చూడలే" అన్నాడు.

"ఏంది?"

"గా ఫొటో. నువ్వు నన్ను రాయి అనుకున్నవ్, నాకెర్కే. చూస్తే నా కండ్లల్ల ఉన్నది పోతదని భయమైంది."

"మరి ఆనాడు డబ్బల చూసినవ్ గద?"

"ముఖం చూడలే. తలకిందులుండె. తల కిందికి పోయింది, లంగా పైకొచ్చింది. ముందుగాల నాకు కనపడ్డది గా తెగిన పోగు. మన బిడ్డ వేలు పెట్టి గుంజింది సూడు, గా పోగు. ఇగ బయటికి ఎట్ల వస్త? గా నల్లబట్ట కింద నన్ను ఎవ్వలు చూస్తలేరనిపించింది. సాగనంపిననాడు రాని ఏడుపు గాడ వచ్చింది."

బట్ట ఊగడం, పిల్లాడు విరగబడడం, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి.

"దాని ముఖం చెప్తవా నాకు?" అన్నాను.

"చెప్త. గుంటల కూసుంటే దాని ముఖం నా ముఖానికి సక్కగ వచ్చేది. పొద్దంత గదే చూసేటోన్ని. నుదురు జర ముందుకు. కనుబొమ్మలు పల్చగ, ఉన్నయా లేవా అన్నట్టు. నవ్వితే ఎడమ కన్ను ముందుగాల మూసుకునేది. తర్వాత కుడిది."

"అవు" అన్నాను. నిజంగానే ఆ ఎడమ కన్ను నా ముందు మూసుకుంది. "బువ్వ తింటే ముక్కు మీద చెమట పట్టేది."

"పై పెదవి మీద గూడ."

"చెవి కింద మచ్చ?"

"లేకుండె. మచ్చ యాడ లేకుండె దానికి."

ఇంకేదో చెబుతున్నాడు, కరెంటు వచ్చేసింది. బయటికి పోయినవాళ్లు పరుగున వచ్చారు, ఒక్కో సాంచె మోత అందుకుంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకు వినబడటం లేదు. వినబడలేదని చేయి ఊపాను. ఆయన ఒక క్షణం ఆలోచించాడు. తన సాంచె ఇంకా నడపలేదు. వంగి, నేసిన గుడ్డ చుట్టుకున్న దోనె మీద గదవ ఆనించి, కళ్లు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పాడు. తల నెరిసిన మనిషి. పక్క సాంచె మీది అతను వింతగా చూశాడు. నాకు మాత్రం నా బిడ్డ మొత్తం కనిపించింది, గదవ మీది ఎర్ర గీతతో సహా.

ఇంటికి వచ్చి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"గది అక్క కాదు బిడ్డా. గది నువ్వే."

"నేనా? నేను లంగా కట్టుకున్ననా?"

"అవు."

"ఎవ్వలకు చెప్పకే అవ్వా, మా దోస్తులు నవ్వుతరు." మళ్లీ ఫొటో వైపు చూసి అడిగాడు. "మరి అక్క ఫొటో ఏది?"

"లేదు బిడ్డా."

"మరి అక్క ఎట్లుండె?"

చెప్పాను. ఎడమ కన్ను ముందు మూసి చూపించమన్నాడు. తానూ ప్రయత్నించాడు. వాడికి రెండు కళ్లూ ఒక్కసారే మూసుకున్నాయి.

పొద్దు గూకే వేళకు తండ్రి రాగానే చెయ్యి పట్టి ఫొటో దగ్గరికి గుంజుకొచ్చాడు. "బాపూ, గిది నేనేనట!" ఆయన అప్పుడు తలెత్తి చూశాడు, మొట్టమొదటిసారి. చాలాసేపు చూశాడు.

"గంతగనం ఎందుకు నవ్వినవ్‌రా?"

"నాకేమెర్క?"

"నల్లబట్ట ఊగుతుంటే చూసి నవ్విండు" అన్నాను నేను.

ఆయన వేలు పెట్టి అద్దం మీద, లంగా నడుము నుంచి కిందికి, ఆ సన్నటి గీత వెంట రాశాడు. ఫొటో అంతా కొడుకుది. ఆ గీత ఒక్కటే కూతురిది.

ఇదీ సంగతి. చీకటి పడుతోంది, ఇక లేవండి. మీ గోడల నిండా నవ్వే ముఖాలు ఉండాలి, పెద్దలకంటే ముందు పసివాళ్ల పటానికి దండ పడే రోజు మీ ఇంటికి రాకూడదు. మీ పిల్లలు మీ ముఖానికి ముఖం పెట్టి నవ్వాలి, మీరు పని ఆపి చూడాలి. మీ పొయ్యి చల్లారకూడదు, మీ వాకిలి ఆటలు మానకూడదు. చల్లగా ఉండండి.